పాత ల్యాప్‌టాప్‌కు ఐ7 ప్రాసెసర్ వేస్తే అనంతపురం ఎండకు తట్టుకుంటుందా?

గీతలపని | అనంతపురం

అందరికీ నమస్తే. నాది డెల్ లాటిట్యూడ్ ఈ6430. ఐ5-3320ఎం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఇంటెల్‌దే. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆటోక్యాడ్‌లో ప్లాన్, పార్టీ అడిగితే స్కెచప్‌లో ఎలివేషన్ చేసి వీ-రే అనే సాఫ్ట్‌వేర్‌లో రెండర్ (ఫోటోలా కనిపించే బొమ్మ తయారీ) పెడతాను. ప్లాన్ వరకూ ఇబ్బంది లేదు. రెండర్ పెడితేనే బాధ. 75 నిమిషాలు పడుతుంది. ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినిపిస్తుంది, కీబోర్డు ఒక పక్క చెయ్యి పెట్టలేను.

ఈ మోడల్‌లో ప్రాసెసర్ తీసి ఐ7 పెట్టుకోవచ్చని తెలిసినాయన చెప్పారు. నిజమేనా? పెడితే ఏది పెట్టాలి? ఇప్పుడు ఏప్రిల్‌లోనే ఇలా ఉంటే మే నెలలో ఏమవుతుందోనని టెన్షన్.

బురుజుకాడ | కర్నూలు

నిక్షేపంగా పెట్టుకోవచ్చన్నా. సాకెట్ (ప్రాసెసర్‌ను ఊడదీసి పెట్టుకునే గూడు) ఉన్న మోడల్ అది. ఐ7-3740క్యూఎం వేసెయ్, నాలుగు కోర్లు, 3.7 గిగాహెర్ట్జ్ వరకు టర్బో (పని పెరిగితే తానే పెంచుకునే స్పీడు). రాకెట్టే. చిప్‌కూ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్టు బదులు లిక్విడ్ మెటల్ పూస్తే వేడి గొడవ కూడా ఉండదు.

సర్వీస్‌బెంచ్ | కడప

ఆగండి సామీ, అప్పుడే స్క్రూడ్రైవర్ తీయొద్దు. ముందు ఐదు విషయాలు చెప్పండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, స్పీడు చూపించే ప్రోగ్రామ్) పెట్టి, రెండర్ నడిచేటప్పుడు ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది? ఆ సమయంలో గదిలో ఎంత ఉంది? క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ పనిచేసే వేగం) నిలకడగా ఉందా, పడిపోతోందా? ఛార్జర్ ఒరిజినలేనా, ఎన్ని వాట్లు? ల్యాప్‌టాప్‌ను ఎప్పుడైనా విప్పి దుమ్ము తీశారా?

లిక్విడ్ మెటల్ సంగతి తర్వాత మాట్లాడతాను.

వేరుశనగ | ధర్మవరం

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నాది ఐ5-8250యు. దీన్ని కూడా ఐ7కి మార్చుకోవచ్చా?

పెన్నాగట్టు | అనంతపురం

వేరుశనగ గారూ, కుదరదు. పేరు చివర "యు" ఉన్నవన్నీ బోర్డుకు అతికించేసి వస్తాయి. ఇంటెల్‌లో 5వ తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ అంతే, సాకెట్ అనేదే లేదు. మార్చుకోగలిగేవి 2, 3, 4 తరాల్లో "ఎం", "క్యూఎం", "ఎంక్యూ" అని ముగిసేవి. 4వ తరంలో "హెచ్‌క్యూ" అని ఉంటే అదీ అతికించినదే. అందుకే ఈ చర్చంతా పాత ఆఫీసు మోడళ్లకే పనికొస్తుంది: ఈ6430, థింక్‌ప్యాడ్ టీ430, ఆ కాలపు ప్రోబుక్‌లు. మీ దానికి ర్యామ్ పెంచడం, పేస్టు మార్చడం వరకే.

ఇంకొకటి. సాకెట్ ఉన్నంత మాత్రాన ఏ తరమైనా కూర్చోదు. గీతలపని గారిది లాంటి 3వ తరం బోర్డులో 4వ తరం చిప్ పట్టదు, సాకెట్టే వేరు. 2వ తరం బోర్డులో 3వ తరం చిప్ కాళ్లు సరిపోతాయి కానీ బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను ఆన్ చేసే ప్రోగ్రామ్) ఒప్పుకుంటేనే ఆన్ అవుతుంది. చాలా కంపెనీల బయోస్‌లు ఒప్పుకోవు.

గీతలపని | అనంతపురం

సర్వీస్‌బెంచ్ అన్నా, చూశాను. గదిలో 32, రెండర్‌లో 97 డిగ్రీలు. కొన్న తర్వాత ఎప్పుడూ విప్పలేదు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. క్లాక్ 3.1 దగ్గర మొదలై పడిపోతూ లేస్తూ ఉంది. విచిత్రం ఏమిటంటే ఒక్కోసారి 1.2కి పడి అక్కడే ఉండిపోతుంది, అప్పుడు చూస్తే వేడి 60 కూడా లేదు. ఛార్జర్ ఇక్కడే ఒక షాపులో కొన్నది, 65 వాట్లు. ఆన్ చేసినప్పుడు "అడాప్టర్ గుర్తించలేకపోతున్నాం" అని ఏదో వస్తుంది, ఎఫ్1 నొక్కి ముందుకెళ్తాను. అది మామూలేనని షాపతను చెప్పాడు.

సర్వీస్‌బెంచ్ | కడప

మామూలు కాదు. మీకున్న జబ్బుల్లో ఒకటి అదే.

డెల్ ఛార్జర్ పిన్ మధ్యలో సన్నని సూదిలాంటిది ఉంటుంది. ఛార్జర్ తానెవరో, ఎన్ని వాట్లో ల్యాప్‌టాప్‌కు చెప్పేది దాని ద్వారానే. డూప్లికేట్‌లో ఆ చిప్ లేకపోయినా, ఆ సూది వంగినా, లోపలి తీగ తెగినా ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను నమ్మదు. బ్యాటరీ ఛార్జ్ చెయ్యదు, ప్రాసెసర్‌ను అట్టడుగు స్పీడుకు కట్టేస్తుంది. మీ 3320ఎంకి అట్టడుగు 1.2. 60 డిగ్రీల్లో కూడా 1.2 దగ్గర కూర్చుందంటే వేడి కాదు, ఛార్జరే. అది మార్చకుండా ఐ7 వేస్తే ఆ ఐ7 కూడా అదే స్పీడులో కూర్చుంటుంది. 90 వాట్లది, ఒరిజినల్ తీసుకోండి. నాలుగు కోర్లది వేసినా వెయ్యకున్నా అదే మంచిది.

రెండో జబ్బు 97 డిగ్రీలు. అది దుమ్ము, ఎండిపోయిన పేస్టు.

బురుజుకాడ | కర్నూలు

97 అంటే ల్యాప్‌టాప్‌లకు లెక్కే కాదన్నా. ఆ చిప్‌కి 105 దాకా లిమిట్ ఉంది.

పెన్నాగట్టు | అనంతపురం

లిమిట్ 105 అన్నది నిజమే తమ్ముడూ. కానీ అనంతపురం లెక్క వేరేగా వెయ్యాలి.

హీట్‌సింక్, ఫ్యాన్ కలిసి చిప్‌ను ఫలానా డిగ్రీల దగ్గర నిలబెట్టవు. గది గాలి కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ, అన్న తేడాను మాత్రమే నిలబెడతాయి. గీతలపని గారి గదిలో 32, చిప్ 97. తేడా 65. ఇదే దుమ్ము, ఇదే పేస్టు, ఇదే పని ఉంచి, మే నెలలో గది 40కి చేరిందనుకోండి. 40కి 65 కలిపితే సరిగ్గా 105. అంటే ఇప్పుడు అప్పుడప్పుడూ తగ్గుతున్న స్పీడు అప్పుడు రెండర్ మొదలైనప్పటి నుంచీ తగ్గే ఉంటుంది. ఊటీలో కూర్చుని రివ్యూ వీడియో చేసేవాళ్లకు ఈ లెక్క పట్టదు.

కాబట్టి ప్రశ్న ఐ7 వెయ్యాలా వద్దా అన్నది కాదు. ఆ 65ను ఎంతకు తగ్గించగలమన్నది. 45కి తెస్తే, గదిలో 42 ఉన్నా చిప్ 87 దగ్గర ఆగుతుంది.

లినక్స్‌మామ | ప్రొద్దుటూరు

విండోస్ తీసేసి లినక్స్ మింట్ వేసుకుంటే సగం వేడి తగ్గుతుంది అల్లుళ్లూ.

గీతలపని | అనంతపురం

మామా, ఆటోక్యాడ్ లినక్స్‌కు రాదు కదా. మున్సిపాలిటీ పోర్టల్‌కు డ్రాయింగ్ ఎక్కించే పని, ఫైల్ అటూ ఇటూ అయితే మళ్లీ మొదటికొస్తుంది.

లినక్స్‌మామ | ప్రొద్దుటూరు

బ్రిక్స్‌క్యాడ్‌కు లినక్స్ వెర్షన్ ఉంది, ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫైళ్లే. కాకపోతే డబ్బులు పెట్టాలి. సరే, సగం అన్నది కొంచెం ఎక్కువే చెప్పానులే. రెండర్ పెట్టాక ఏ ఓఎస్ అయినా చిప్ నిండా పనే.

హంద్రీగాలి | కర్నూలు

ఎవరూ అడగని మాట నేను అడుగుతా. 2012 నాటి చిప్ తీసి 2012 నాటి ఇంకో చిప్ పెట్టడానికి ఇంత తతంగం దేనికి? విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. ఆ డబ్బుకు ఇంకొంత వేసి, ఆఫీసుల్లోంచి వచ్చే పాత డెస్క్‌టాప్, ఐ5-8500 ఉన్నది తీసుకుంటే ఆరు కోర్లు, పెద్ద ఫ్యాన్, విండోస్ 11. రెండర్‌కు అదే మొనగాడు.

గీతలపని | అనంతపురం

మీరన్నది కాదనలేను. కానీ పార్టీ ఇంటికి వెళ్లి అక్కడే గోడ జరిపి చూపించాలి, సైట్‌లో కొలతలు వెయ్యాలి. ల్యాప్‌టాప్ లేకుండా గడవదు. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ రెండూ పెట్టుకునేంత బేరాలు ఇప్పుడు లేవు. ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఇది లాగితే చాలు.

సర్వీస్‌బెంచ్ | కడప

అయితే ముందు శుభ్రం. ఈ6430 విప్పడం తేలిక. బ్యాటరీ తీసి కింది మూత స్క్రూలు తీస్తే ఫ్యాన్, హీట్‌సింక్ ఎదురుగానే ఉంటాయి. బయటి నుంచి బ్లోయర్ కొట్టి అయిపోయిందనుకోవద్దు. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము గొంగళిలా అల్లుకుని ఉంటుంది. బయటి నుంచి కొడితే అది వెనక్కి జరిగి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. లోపలి నుంచి చేత్తో పీకెయ్యాలి. మన జిల్లాల దుమ్ము మెత్తన, ఊరికే పట్టేస్తుంది.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది తట్టుకోలేని వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది.

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ఆ వరుసలోనే బిగించండి, ఒకదాన్నే మొత్తం బిగించకుండా అన్నింటినీ కొంచెం కొంచెంగా. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ల్యాప్‌టాప్ చిప్‌కు డెస్క్‌టాప్ చిప్‌లా పైన లోహపు మూత ఉండదు, అద్దంలాంటి సిలికాన్ నేరుగా బయటే ఉంటుంది. గీరితే, అంచు చిట్లితే అంతే సంగతులు. బియ్యపు గింజంత పేస్టు చాలు.

మంగంపేట్_మిక్సర్ | రాజంపేట

రేడియో రిపేరు షాపులో దొరికే తెల్ల కాంపౌండ్ పనికిరాదా అన్నా? ట్యూబు చవగ్గా వస్తుంది.

సర్వీస్‌బెంచ్ | కడప

యాంప్లిఫైయర్‌లో ట్రాన్సిస్టర్‌కు చాలు. ల్యాప్‌టాప్ చిప్‌కు చాలదు. కొన్నాళ్లకే పిండిలా ఎండుతుంది. ఎంఎక్స్-4 లాంటిది తీసుకోండి, ఒక ట్యూబు చాలాసార్లకు వస్తుంది. టూత్‌పేస్టు పూయమని వీడియోలు ఉన్నాయి, వాటి గురించి మాట్లాడను.

ఇక లిక్విడ్ మెటల్. అందులో గాలియం ఉంటుంది. అల్యూమినియానికి తగిలితే దాన్ని తినేస్తుంది. కరెంటును కూడా పారిస్తుంది కాబట్టి ఒక్క బొట్టు జారి చిప్ పక్కనున్న చిన్న భాగాల మీద పడితే బోర్డు పోతుంది. బైకు మీద బ్యాగులో సైట్లకు తిరిగే ల్యాప్‌టాప్‌కు అది అసలే వద్దు.

బురుజుకాడ | కర్నూలు

సరే అన్నా, వెనక్కి తీసుకుంటున్నా. పీటీఎం7950 షీట్ గురించి ఏమంటావ్?

సర్వీస్‌బెంచ్ | కడప

ఇది మంచి మాట. హనీవెల్ వాళ్ల ఫేజ్ చేంజ్ షీట్. మామూలుగా గట్టిగా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది. మూత లేని చిప్‌ల మీద పల్చటి పేస్టు వేడికి, చల్లదనానికి సాగి ముడుచుకుని మెల్లగా అంచులకు జరిగిపోతుంది. ఈ షీట్‌కు ఆ సమస్య తక్కువ. కానీ నకిలీలు ఎక్కువ. నమ్మకంగా దొరికితేనే.

వేరుశనగ | ధర్మవరం

థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో అండర్‌వోల్ట్ చేస్తే, అంటే చిప్‌కు వోల్టేజ్ తగ్గిస్తే, పైసా ఖర్చు లేకుండా వేడి తగ్గుతుందని చదివాను. అది చెయ్యొచ్చు కదా?

పెన్నాగట్టు | అనంతపురం

3వ తరంలో కుదరదండీ. ఆ సదుపాయం 4వ తరంలో వోల్టేజ్ రెగ్యులేటర్ చిప్ లోపలికి వచ్చాకే సాధ్యమైంది. మీ 8250యుకి కుదరాలి కానీ 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ అప్‌డేట్‌తో దాన్ని మూసేశాయి. మీ దాంట్లో తెరిచి ఉందో లేదో చూసుకోండి.

గీతలపని గారికి ఖర్చులేని దారి ఇంకొకటి ఉంది. పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99 చేస్తే టర్బో ఆగిపోతుంది. చిప్ 2.6 దగ్గర ఉంటుంది. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్‌ల కోసం వోల్టేజ్ పెరుగుతుంది, ఖర్చయ్యే కరెంటు ఆ వోల్టేజ్ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అందుకే కొంచెం స్పీడు వదులుకుంటే వేడి చాలా తగ్గుతుంది. మధ్యాహ్నం రెండర్ తప్పనిసరైతే ఇలా పెట్టండి. లేదంటే రెండర్‌ను రాత్రికి వాయిదా వెయ్యండి, మన దగ్గర రాత్రి గాలే పెద్ద కూలింగ్ ప్యాడ్.

మంగంపేట్_మిక్సర్ | రాజంపేట

మా ఇంట్లో కడప బండల నేల. ల్యాప్‌టాప్‌ను ఆ చల్లటి బండ మీద పెడితే నయమని నేనంటాను, మా వాడు కూలింగ్ ప్యాడ్ కొనమంటాడు. ఎవరిది కరెక్ట్?

సర్వీస్‌బెంచ్ | కడప

కడపోణ్ణి, బండను తక్కువ చెయ్యను గానీ, ఇక్కడ పని బండ చల్లదనంతో కాదు, కింద గాలి దూరే సందుతో. ఈ మోడల్ గాలిని కింది నుంచి పీలుస్తుంది. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. బండ, బల్ల, ఏదైనా ఒకటే, వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి ఎత్తండి. కూలింగ్ ప్యాడ్ కొంటే దాని ఫ్యాన్ సరిగ్గా గాలి రంధ్రాల కిందే ఉందో లేదో చూసి కొనండి. లేకపోతే అది ఊరికే నీలం లైటు.

హంద్రీగాలి | కర్నూలు

ఎయిర్ కూలర్ ముందు పెడితే? మా ఇంట్లో కూలరే ఏసీ.

పెన్నాగట్టు | అనంతపురం

మన ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ బాగా పని చేస్తుంది. గది గాలి తగ్గితే చిప్ కూడా అంతే తగ్గుతుంది, ఆ తేడా లెక్క ప్రకారమే. కానీ ల్యాప్‌టాప్ మొహాన పెట్టొద్దు. గడ్డి మెత్తలు పాతబడితే నీటి తుంపరలు గాలితో వస్తాయి. గది చల్లబడేలా పెట్టండి, కిటికీ కాస్త తెరిచి ఉంచండి.

గీతలపని | అనంతపురం

రిపోర్ట్ ఇస్తున్నాను. కింది మూత తీసి చూస్తే అన్న చెప్పిన గొంగళి అక్షరాలా ఉంది. పీకాను. పాత పేస్టు ఎండి పెచ్చులుగా వచ్చింది. ఎంఎక్స్-4 పూశాను. 90 వాట్ల ఒరిజినల్ ఛార్జర్ తెప్పించాను, ఎఫ్1 మెసేజ్ పోయింది, బ్యాటరీ కూడా ఎక్కుతోంది! ఇన్నాళ్లూ బ్యాటరీ చచ్చిపోయిందనుకున్నాను.

గదిలో 36, రెండర్‌లో 81. క్లాక్ 3.1 నుంచి కదల్లేదు. 75 నిమిషాల రెండర్ 58కి వచ్చింది. పెన్నాగట్టు మేడమ్, మీరన్న 45 తేడా అచ్చంగా వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఐ7 వెయ్యాలా?

బురుజుకాడ | కర్నూలు

58 అంటే ఇంకా ఎక్కువేగా. 3740క్యూఎం. నా మాట మీదే ఉన్నా.

పెన్నాగట్టు | అనంతపురం

పని ఏ కోర్లతో జరుగుతుందో చూసి నిర్ణయించుకోండి. ఆటోక్యాడ్, స్కెచప్ దాదాపుగా ఒకే కోర్ మీద నడుస్తాయి. అక్కడ కోర్లు పెంచితే ఏమీ రాదు. వీ-రే మాత్రం ఎన్ని కోర్లు ఇస్తే అన్నీ వాడుకుంటుంది. కాబట్టి మీకు లాభం రెండర్‌లోనే.

రెండు దారులు. 3740క్యూఎం అయితే 45 వాట్లు, ఒంటి కోర్ స్పీడు కూడా 3.7. కానీ మీ హీట్‌సింక్ మీద 10 వాట్లు అదనం. 3632క్యూఎం అయితే నాలుగు కోర్లున్నా ఇప్పుడున్న ఐ5 లాగే 35 వాట్లు, టర్బో 3.2 వరకు. గమనించండి, మీ ఐ5 ఒంటి కోర్ టర్బో 3.3. అంటే ఆటోక్యాడ్‌లో వెంట్రుకవాసి తగ్గుతుందే తప్ప పెరగదు. రెండర్ మాత్రం బాగా తగ్గుతుంది. కర్నూలు తమ్ముడు ఏసీ గదిలో ఉంటే 3740 సరే. అనంతపురంలో నా ఓటు 3632కే.

బురుజుకాడ | కర్నూలు

ఏసీ ఎక్కడిది మేడమ్, నాకూ కూలరే. సరే, 3632కి ఒప్పుకుంటున్నా.

సర్వీస్‌బెంచ్ | కడప

నాదీ అదే మాట. కొనేటప్పుడు జాగ్రత్త. 3632క్యూఎం రెండు రకాలుగా వచ్చింది, కాళ్లున్నది, కాళ్లకు బదులు అడుగున టంకం గుండ్లు ఉన్నది. గుండ్లది బోర్డుకు అతికించేది, మీకు పనికిరాదు. ఫోటోలో అడుగు భాగం చూపించమని అడగండి. చిప్ మీద "ఎస్‌ఆర్"తో మొదలయ్యే కోడ్ ఉండాలి. "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన శాంపిల్, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కాళ్లు ఒక్కటి వంగినా కనిపించేలా పక్క నుంచి చూడండి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడే వేయించి, ఆన్ చేసి, డబ్బులివ్వండి.

మార్చే ముందే, పాత చిప్ ఉండగానే బయోస్ చివరి వెర్షన్‌కు అప్‌డేట్ చెయ్యండి. సాకెట్ పక్కన ఉన్న స్క్రూను చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పితే చిప్ వదులవుతుంది. మూలలో ఉన్న గుర్తును గుర్తుకు సరిచూసి పెట్టండి. దానంతట అదే కూర్చోవాలి, నొక్కొద్దు.

గీతలపని | అనంతపురం

ఎస్పీ రోడ్డులో కాళ్లున్న 3632 దొరికింది. అన్న చెప్పినట్టే అక్కడే వేయించి, రెండర్ మొదలుపెట్టి మరీ డబ్బులిచ్చాను. షాపాయన విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే గదిలో 38, చిప్ 88. రెండర్ 36 నిమిషాలు. ఫ్యాన్ మోత మాత్రం ఉంది, తలుపేసుకుంటున్నాను. ఆటోక్యాడ్‌లో మేడమ్ చెప్పినట్టే తేడా ఏమీ తెలియట్లేదు.

హంద్రీగాలి | కర్నూలు

50 తేడా అన్నమాట. అంటే 42లో 92. మే నెల గట్టెక్కినట్టే. నా డెస్క్‌టాప్ మాట మీదే నేనున్నా, కానీ 75 నుంచి 36 అంటే బాగుంది, ఒప్పుకోవాలి.

పెన్నాగట్టు | అనంతపురం

రెండర్ పెట్టే ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ పనులకు తక్కువ వాడండి, బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకోండి. విండోస్ 10 విషయం హంద్రీగాలి గారు చెప్పింది వదిలెయ్యకండి. దుమ్ము దసరాకు మళ్లీ ఒకసారి చూసుకోండి.

మంగంపేట్_మిక్సర్ | రాజంపేట

గీతలపని అన్నా, ఊడదీసిన ఐ5-3320ఎం ఏం చేశావ్? నాదీ ఈ6430నే, ఐ3-3110ఎంతో ఉంది, టర్బో కూడా లేదు. ఇచ్చేట్టయితే నాకివ్వు.

గీతలపని | అనంతపురం

డబ్బాలో భద్రంగా ఉంది తమ్ముడూ, కాళ్లు వంగకుండా ఫోమ్‌లో గుచ్చి పెట్టాను. మెసేజ్ పెట్టు. ముందు నీ ఛార్జర్ ఎన్ని వాట్లో, గొంగళి తీశావో లేదో చెప్పు.